తెర మడతపెట్టిన మర్నాడు

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఏప్రిల్ 16. వీరేశలింగం గారి పుట్టినరోజు, మన తెలుగు నాటకరంగ దినోత్సవం. ఇంకో వారం గడిస్తే బడికి వేసవి సెలవులు. పిల్లల చేత నాటకాలు ఆడించే నాలాంటి వాళ్లకు ఏడాది ఇక్కడితో అయిపోయినట్టే. జూన్‌లో గేటు తెరిచేసరికి మా కన్యాశుల్కం నాటకంలో గిరీశం ఉండడు, అగ్నిహోత్రావధాన్లు ఉండడు. పదో తరగతి అయిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. పట్టుమని పది నెలలు కలిసి ఉండని నాటక సమాజం మాది.

అయినా మన నాటకానికి బడి కొత్త చోటు కాదు. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి ప్రదర్శనలు వేయించింది తన విద్యార్థుల చేతనే. అప్పటికి ఆయన బడిపంతులు. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ విజయనగరంలోనే. దాన్ని రాసిన గురజాడ వారు కూడా ఇక్కడి ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పినవారే. ఈ మాట నేను మా లెక్కల మాస్టారికి ఏటా గుర్తుచేస్తుంటాను. రిహార్సళ్ల పేరుతో స్టడీ అవర్ తినేస్తున్నానని ఆయన ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు.

పోటీల కోసం రాసిన నాటికలు నేను చాలానే వేయించాను. చివర్లో ఒక పిల్ల ముందుకొచ్చి చెట్లు నరకవద్దనో మత్తుమందులు వద్దనో చెబుతుంది, న్యాయనిర్ణేతలు తల ఊపుతారు, మాకొక కప్పు వస్తుంది. ఆ కప్పులు స్టాఫ్ రూమ్ బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఈసారి వాటి జోలికి పోలేదు. కన్యాశుల్కంలోని మొదటి రెండు అంకాల నుంచి కొంత కత్తిరించి, 40 నిమిషాలకు కుదించి, ఫిబ్రవరిలో వార్షికోత్సవానికి వేశాం.

గిరీశం వేషానికి పదకొండు మంది పోటీపడ్డారు. వెంకటేశం వేస్తామని ఒక్కడూ రాలేదు. పరీక్ష తప్పి, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక బెంగపడే కుర్రాడి వేషం ఎవరికి కావాలి! చివరికి ఎనిమిదో తరగతి పిల్లవాడొకణ్ణి నేనే ఎంచుకున్నాను. మనిషి పొట్టి, గొంతు గట్టిది. ఇంగ్లీషులో మాత్రం రెండంకెల మార్కులు ఎన్నడూ తెచ్చుకోలేదు. వెంకటేశం తండ్రి అవధాన్లు గారింట్లో జరిగే ఒక ఘట్టం ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. గురువు గిరీశం, శిష్యుడు వెంకటేశం ఇద్దరూ ట్వింకిల్ ట్వింకిల్ లాంటి పద్యాలు, పాఠం ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆవిడ అదే సంభాషణ అనుకుని మురిసిపోతుంది. మావాడు ఆ వాక్యాలన్నీ తెలుగు లిపిలో అరచేతి మీద రాసుకుని, చెమటకు చెరిగిపోతే మళ్లీ రాసుకుంటూ, మూడు వారాలు వల్లించాడు.

నాటకం మొదలయ్యాక దర్శకుడికి పనేమీ ఉండదు. ప్రాంప్టింగ్ కాగితాలు పట్టుకుని పక్కతెర వెనక నిలబడటమే. ఆ సందులోంచి నాకు వేదిక సగమే కనబడుతుంది, జనం మాత్రం బాగా కనబడతారు. మావాడు అందుకున్నాడు. ఒక్క మాట తడబడలేదు. మైదానమంతా నవ్వు. మాస్టార్లు నవ్వారు, పై తరగతుల పిల్లలు ఈలలు వేశారు. జంపఖానా మీద ముందు వరసలో కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తోంది. పక్కనున్న ఆమె భుజం తట్టి వేదిక వైపు చూపించింది. వాడి తల్లి.

నాకు ఒక్కసారిగా ఒళ్లు చల్లబడింది. గురజాడ వారు రాసిన వెంకమ్మ ఒకతె వేదిక మీద ఉంది, ఇంకొకతె జంపఖానా మీద ఉంది. ఈ హాస్యం పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి మూడు వారాలు తంటాలు పడ్డాను. తల్లి అమాయకత్వం మీద నవ్వు రావాలి, అక్కడ కాస్త ఆగు, జనాన్ని నవ్వనివ్వు అని వాడికి నేర్పింది నేనే. ఆ తల్లి వచ్చి కూర్చుంటుందని మాత్రం తట్టలేదు. నూరేళ్లు దాటిన నాటకం కదా, ఆ వెంకమ్మలు ఎప్పుడో గతించి ఉంటారని అనుకున్నానేమో.

మర్నాడు తెర మడతపెట్టాం. అరువు తెచ్చినవన్నీ తిరిగి ఇవ్వడం నాటకంలో ఆఖరి పని, ఎవరికీ ఇష్టంలేని పని. పడక్కుర్చీ ఒకరిది, ఇత్తడి చెంబు ఇంకొకరిది, జంధ్యాలు కిరాణా కొట్టువి. వెంకమ్మ వేషానికి కట్టిన ముదురాకుపచ్చ నేత చీర ఆ పిల్లవాడి తల్లిదే. భుజం దగ్గర పౌడరు మరక పడితే నేనే ఉతికి, ఇస్త్రీ చేయించి తీసుకెళ్లాను.

ఆవిడ మరక సంగతి అడగలేదు. చీర విప్పి చూడనుకూడా లేదు. మంచం మీద పెట్టి, నన్ను కూర్చోమని, “మావాడు ఇంగ్లీషు బాగా మాట్లాడాడు కదా టీచరుగారూ?” అంది.

గుమ్మంలో నిలబడ్డ పిల్లవాడు నా వైపు చూశాడు. వాడికి అన్నీ తెలుసు.

“ఒక్క మాట కూడా తప్పలేదమ్మా,” అన్నాను.