హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లు కనపడవు

మిత్రులారా, ఎత్తంటే హడలిపోయే మనిషిని మేడ అంచుకు తీసుకెళ్లి నిలబెట్టడం థెరపిస్టుకు అన్నిసార్లూ కుదిరే పని కాదు. వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు తొడుక్కునే హెడ్‌సెట్‌లో చుట్టూ నిజంలా కనిపించే కంప్యూటర్ దృశ్యం, ఆ ఇబ్బంది తీర్చింది. అమెరికా పరిశోధకులు బార్బరా రాత్‌బామ్, లారీ హాడ్జెస్ల బృందం ఎత్తుల భయానికి దీన్ని వాడి 1995లోనే ఫలితాలు ప్రచురించింది. చూస్తున్నది బొమ్మేనని తెలిసినా కాళ్లు వణుకుతాయి. వైద్యానికి కావలసిందీ అదే. భయం రావాలి, కాసేపు దానితో గడపాలి, ఊహించుకున్న ప్రమాదం జరగలేదని అనుభవంలోకి రావాలి.

ఇప్పుడు హెడ్‌సెట్ క్లయింటు ఇంటికే వస్తోంది. థెరపిస్టు ఎక్కడో కూర్చుని, క్లయింటు చూస్తున్న దృశ్యాన్నే తన తెరమీద చూస్తూ, లిఫ్టును ఇంకో అంతస్తు పైకి పంపగలరు, అక్కడే ఆపేయగలరు. దూరం బాధ తీరిపోయిందని మురిసిపోతాం. నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

వీడియో కాల్‌లో కనీసం ముఖం కనిపిస్తుంది. హెడ్‌సెట్ సగం ముఖాన్ని కప్పేస్తుంది. ధైర్యంగా కిందికి చూస్తున్న మనిషీ, కళ్లు గట్టిగా మూసుకుని గండం గడిచేదాకా ఆగుదామనుకున్న మనిషీ థెరపిస్టులమైన మనకు ఒకేలా కనిపిస్తారు. రెండోవారికి ఆ సెషన్ వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకని మాట్లాడిస్తూనే ఉండాలి. ‘కింద ఏం కనిపిస్తోంది? భయం వందలో ఎంత ఉంది ఇప్పుడు?’ ఊపిరి చప్పుడు వినాలి. చెవి బాగా పనిచేయాల్సిన వైద్యం ఇది.

ఇక జాగ్రత్తలంటారా, క్లయింటు ఉన్న చిరునామా, దగ్గరుండే ఒకరి ఫోన్ నంబరు ముందే తీసుకోవాలి. మూర్ఛ వ్యాధి ఉందేమో అడగాలి. తల తిరిగితే ఆపేయాలి.

థెరపిస్టే అక్కర్లేదనే వాదనా ఉంది. తేలిగ్గా కొట్టిపారేయలేం. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం వంద మందితో చేసిన పరీక్షలో థెరపిస్టు బదులు హెడ్‌సెట్‌లో కనిపించే కంప్యూటర్ కోచే నడిపించింది, చికిత్స పొందినవారిలో ఎత్తుల భయం సగటున 68 శాతం తగ్గింది. అయితే సైకోసిస్‌తో (లేనివి ఉన్నట్టు తోచే తీవ్రమైన మానసిక జబ్బుతో) బయటికి అడుగుపెట్టలేనివారి కోసం అదే బృందం చేసిన కార్యక్రమంలో, కోచ్ ఉన్నా, పక్కన సిబ్బంది ఒకరు తోడున్నారు. ఎత్తులంటే ఉండే ఒక్క భయం వేరు, అంత పెద్ద జబ్బు వేరు.

మరో సంగతి. మనకు క్లయింటు కళ్లు కనపడవు గానీ, యంత్రం తల కదలికలన్నీ పట్టేస్తుంది. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మందిలో ఎవరెవరన్నది అయిదు నిమిషాలలోపు కదలికల డేటాతోనే 95 శాతం కచ్చితత్వంతో గుర్తుపట్టారు. పేరు తీసేస్తే గోప్యత దక్కినట్టు కాదన్నమాట. క్లినిక్ నడిపేవారు హెడ్‌సెట్ కొనేముందు ఆ డేటా ఎక్కడికి వెళ్తుందో, ఎన్నాళ్లుంటుందో కంపెనీచేత రాయించుకోండి.