వాన ఆగినా సెల్లారులో ఊట ఎందుకు ఆగదు?

[తెర మీద: ఎండిన వీధి. అపార్ట్‌మెంట్ సెల్లారు నుంచి గొట్టంలో రోడ్డు మీదికి పారుతున్న నీళ్లు.]

వాన వెలిసి వారం దాటింది. రోడ్డు ఎండిపోయింది. ఈ సెల్లారులో మోటారు మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. తోడిన నీళ్లు రోడ్డు మీదికి వస్తాయి, పక్కనున్న ఖాళీ ప్లాటులో ఇంకుతాయి, మళ్లీ ఇదే సెల్లారు గోడల్లోంచి ఊరుతాయి.

నమస్తే. కాలనీకి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి పైనుంచి పడే వాన. రెండోది కింద నుంచి ఊరే భూగర్భ జలం. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మనం మాత్రం రెండింటికీ ఒకటే మందు వేస్తున్నాం. హైదరాబాద్ కాలనీల్లోనే దీన్ని చూద్దాం.

[తెర మీద: గొలుసుకట్టు చెరువుల బొమ్మ. పై చెరువు, మత్తడి, వాగు, కింది చెరువు.]

ఈ ఊరు గొలుసుకట్టు చెరువుల మీద పెరిగింది. పై చెరువు నిండితే మత్తడి, అంటే కట్ట మీద మిగులు నీళ్లు పొర్లే చోటు, దుంకి, ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరేవి. ఆ వాగులో ఇళ్లు కట్టినా నేల వాలు మారదు కదా, నీళ్లు అదే దారిన వస్తాయి. 2020 అక్టోబరు 13న మొదలైన వానకు ఒక్కరోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా పడింది. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్‌లో ఆ నీళ్లు ఇళ్ల మధ్య నెలల తరబడి నిలిచిపోయాయి. బయటికి పోయే దారి లేకపోవడమే కారణం.

ఇక చెరువు కట్ట కింది వైపు సంగతి. అక్కడ ఒకప్పుడు వరి పండేది. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లూ ఆ మళ్లు జాలు పట్టి, అంటే ఊటతో తడిసి, ఉండేవి. ఇప్పుడు ఆ మళ్లలోనే పది అడుగుల లోతుకు తవ్వి సెల్లారు కట్టాం.

[తెర మీద: నేల కోత. మట్టి, మొరం, గట్టి బండ.]

నేల లోపల చూడండి. పైన మట్టి, దాని కింద మొరం, ఇంకా కింద గ్రానైట్ బండ. నీళ్లు మొరంలో నడుస్తాయి. పగుళ్లు లేని బండలోకి దిగలేవు. అందుకే మొరం నిండగానే నీటిమట్టం పైకి లేస్తుంది. పగిలిన మంచినీటి పైపులు, కారే డ్రైనేజీ లైన్లు కూడా ఇందులోకే నీళ్లు చేరుస్తాయి.

మరి మీ సెల్లారులో ఉన్నవి ఏ నీళ్లు? వాన ఆగిన ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే పైనీళ్లు. వారాలు గడిచినా ఒకే తీరుగా ఊరుతుంటే భూగర్భ జలం అయ్యే అవకాశం ఎక్కువ. వాసన వస్తే మురుగు లైను చూపించండి. మంచినీళ్లలో క్లోరిన్ కలుపుతారు కాబట్టి క్లోరిన్ పరీక్షలో రంగు మారితే మంచినీటి పైపు కారుతున్నట్టే, రంగు మారకపోయినా ఆ పైపును పూర్తిగా కొట్టిపారేయొద్దు. ఇంకో పని చేయండి. ఆవరణలో సెల్లారు అడుగు కన్నా కాస్త లోతుగా, మొరంలోనే ఆగేలా బోరు వేయించి, చిల్లులు పెట్టిన పీవీసీ పైపు దింపి, పైన మూత పెట్టండి. వారానికోసారి టేపుతో నీటిమట్టం కొలిచి రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీ నేల సంగతి ఏ కాంట్రాక్టరు కన్నా మీకే బాగా తెలుస్తుంది.

[తెర మీద: ఇంకుడు గుంత.]

ఇంకుడు గుంత మంచిదే. బోర్లు ఎండిపోయే చోట తప్పకుండా తవ్వాలి. కానీ నాలుగు అడుగుల్లోనే నీళ్లు తగిలే కాలనీలో అదే గుంత తవ్వితే పక్కింటి సెల్లారుకు నీళ్లు పంపినట్టే. గుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల పొడి నేల ఉండాలి, అది కూడా వానాకాలం చివర కొలిచినప్పుడు. చెరువు శిఖంలోని, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలోని, నల్లమట్టిలో అయితే నీళ్లు ఇంకడమే కష్టం. ఈ తేడా చెప్పకుండా అందరికీ ఒకే నియమం పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

ఊటనేలలో ఉన్నవాళ్లకు ముఖ్యమైన హెచ్చరిక: వానాకాలంలో నేలలో కట్టిన నీళ్ల సంపు పూర్తిగా ఖాళీ చేయకండి. బయటి నీటిమట్టం సంపు అడుగు కన్నా 2 మీటర్లు పైన ఉంటే, అడుగు భాగంలో ప్రతి చదరపు మీటరునూ 2 టన్నుల బలం పైకి నెడుతుంది. లోపలి నీళ్ల బరువే దాన్ని ఆపుతోంది. ఆ బరువు తీసేస్తే అడుగు పగలొచ్చు, సంపే పైకి లేవొచ్చు. సంపు కడగడం ఎండాకాలంలో పెట్టుకోండి.

ఊట తగ్గాలంటే పునాది చుట్టూ, సెల్లారు అడుగు కన్నా లోతున, చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర పోసి, మట్టి దిగకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టాలి. గోడ లోపలివైపు పూసే రసాయనాలు కొన్నాళ్లే ఆగుతాయి, ఎందుకంటే బయటి నీటి ఒత్తిడి వాటిని గోడ నుంచి విడదీస్తుంది.

[తెర మీద: 200 గజాల ఇల్లు, పక్కన ట్యాంకర్లు.]

ఇప్పుడు పైనీళ్లు. 200 గజాల స్థలంలో 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు దాటతాయి. ఇలాంటి ఇళ్లు వంద ఉన్న కాలనీలో, అంతా సిమెంటే అయితే, ఆ నీళ్లలో ఎక్కువ భాగం కాసేపట్లో రోడ్డు మీదికి వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని మ్యాన్‌హోల్ మూత తీయడం. దయచేసి ఆ పని చేయకండి. మురుగు పైపు వాన నీళ్ల కోసం వేసింది కాదు. అది నిండితే పల్లంలో ఉన్న ఇళ్ల బాత్రూముల్లోంచి మురుగు పైకి తంతుంది. నీళ్లలో కనబడని ఆ గుంతలో మనుషులు పడి చనిపోయారు కూడా.

వాన నీటి పైపు విషయంలో పొదుపు వద్దు. ఒకే వాలులో, నిండుగా పారేటప్పుడు, వ్యాసం రెట్టింపు చేస్తే పైపు ఆరు రెట్లకు పైగా నీళ్లు మోస్తుంది. రెండు చిన్న పైపుల కన్నా ఒక పెద్ద పైపు మేలు.

[తెర మీద: పైపు చివర, నాలా, అందులో నీటిమట్టం గీత.]

2021 నుంచి వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం కింద నగరంలో పెద్ద నాలాల మీద బాక్స్ డ్రెయిన్లు కట్టారు. అవి అవసరమే. కానీ మీ వీధి పైపు కలిసే చోట, వరద వేళ నాలా నీటిమట్టం పైపు కన్నా ఎత్తులో ఉంటే ఆ పైపు ఎదురు పారుతుంది. అక్కడ వెనక్కి రానివ్వని మూత కవాటం కావాలి, అది మూసుకున్నప్పుడు తోడిపోయడానికి పంపు కావాలి.

అందుకే కాలనీలో కొత్త డ్రెయిన్ అనగానే ఇంజినీరును వీధిలో కాదు, పైపు చివర దగ్గరికి తీసుకెళ్లండి. వరదప్పుడు నాలా ఎంత ఎత్తు వస్తుందో, పైపు అడుగు ఏ మట్టంలో ఉందో లెవెల్ పెట్టి చూపమనండి. ఆ రెండు అంకెలూ కాలనీ సంఘం మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకం తీసుకున్నాకే తవ్వకం మొదలుపెట్టనివ్వండి.