డ్రైసూట్ మెడ దగ్గర బిగుస్తోందా? కత్తెర తీసే ముందు ఇది చూడండి

నమస్కారం. ఈ వీడియో ఒకే ఒక్క ప్రశ్న కోసం. "కొత్త డ్రైసూట్ వచ్చింది, వేసుకుంటే మెడ దగ్గర పిసికేస్తున్నట్టు ఉంది, సీల్ కత్తిరించేయనా?"

హైదరాబాద్‌లో కూర్చుని డ్రైసూట్ గొడవేంటి అనుకుంటున్నారా? నిజమే, హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్‌కీ, కోట్‌పల్లిలో కయాకింగ్‌కీ ఇది అక్కర్లేదు. మనవాళ్లకు దీంతో పని పడేది బయటి దేశాలకు వెళ్లినప్పుడే. స్కాట్లండ్‌లోనో ఐర్లండ్‌లోనో చదువుకుంటూ సముద్రంలో కయాకింగ్ మొదలుపెట్టినవాళ్లు, ఐస్‌లాండ్ వెళ్లి అక్కడ నేల చీలి నీళ్లు నిండిన సిల్ఫ్రా అనే చోట దిగాలనుకునేవాళ్లు. సిల్ఫ్రాలో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అలాంటి నీళ్లలో ఒళ్లు తడవకుండా కాపాడేది ఈ సూట్. అందులో నీళ్లు దూరడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోట్లు మెడ, రెండు మణికట్లు. అక్కడ ఒంటిని పట్టుకుని ఉండే మెత్తటి రబ్బరు గొట్టాలే సీల్స్. పట్టుకోవాలి కాబట్టి కొంత బిగుతు ఉండాల్సిందే. ఎంత బిగుతు అన్నదే లెక్క.

ముందు మీ సీల్ దేనితో చేసిందో చూసుకోండి. పల్చగా, బెలూన్‌లా సాగుతూ, మెరుపు లేకుండా ఉంటే లేటెక్స్. మందంగా, లోపల నురుగులా మెత్తగా ఉంటే నియోప్రీన్. జిగేల్మంటూ జారుతున్నట్టు, లేటెక్స్ కంటే మెత్తగా ఉంటే సిలికోన్. అనుమానం ఉంటే సూట్‌తో వచ్చిన కాగితం చూడండి. ఇది తేలకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు. నియోప్రీన్‌ని సాగదీస్తాం. సిలికోన్ సాగదీసినా మళ్లీ మొదటికే వస్తుంది, దాన్ని కత్తిరించడమే మార్గం. లేటెక్స్ కొంచెం సాగుతుంది, చాలకపోతే కత్తెర.

ఇప్పుడు పరీక్ష. మా తమ్ముడు సూట్ వేసుకుని కూర్చున్నాడు, చూడండి. ఏసీ వేశాం. ఇది షోకు కోసం కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో మామూలు గదిలో డ్రైసూట్ వేసుకుంటే పది నిమిషాల్లో ఉక్కకే తల తిరుగుతుంది. అప్పుడు తల తిరిగింది సీల్ వల్లో, వేడి వల్లో తెలీదు. లోపల వేసుకునే ఉన్ని బట్టలు కూడా ఇప్పుడు వద్దు, ఒక పల్చటి టీషర్ట్ చాలు.

దగ్గరగా చూడండి. సీల్ అంచు మెడ మీద నున్నగా, చదునుగా పడుకుని ఉంది. పక్క నుంచి రెండు వేళ్లు దూరుస్తున్నా, కొంచెం కష్టంగానే అయినా దూరాయి. అరే, తల అటు తిప్పురా. ఇప్పుడు ఇటు. గుటక వెయ్యి. చూశారా, గుటక వేసినప్పుడు ఇబ్బంది లేదు. ఇలా ఒక పావుగంట కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టి మొహం చూస్తూ ఉండాలి. మొహం ఎర్రబడినా, నుదుటి నరాలు ఉబ్బినా, తలనొప్పి, తల తేలిపోయినట్టు అనిపించినా, కళ్లు మసకబారినా వెంటనే రెండు చేతులతో సీల్ మెడ నుంచి లాగి పట్టుకుని, సూట్ తీసేయాలి. ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకుందాం అనే మాటే లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులున్నాయి. దవడ కింద అవి రెండుగా చీలే చోట, రక్తపోటు ఎంతుందో కనిపెట్టే నరాల కొసలు ఉంటాయి. బయట నుంచి అక్కడ ఒత్తిడి పడితే, బీపీ పెరిగిపోయిందనుకుని శరీరం గుండె వేగాన్ని తగ్గించేస్తుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. సోఫాలో పడితే పర్లేదు, నీళ్లలో పడితే? అందుకే మణికట్టు బిగుతుని చిరాకు అంటాను, మెడ బిగుతుని ప్రమాదం అంటాను. బీపీ, గుండె సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ ప్రయోగాలు చేయొద్దు.

పావుగంట అయ్యాక తీసేస్తే మెడ మీద సన్నటి గీత పడి ఉంటుంది. అది మామూలే, కాసేపటికి పోతుంది. ఏ లక్షణమూ లేదు, కేవలం "ఏదో పట్టుకున్నట్టుంది" అంతే అంటారా? అయితే అది సీల్ తప్పు కాదు, మీకు అలవాటు లేకపోవడం. ఒడ్డున తెలిసినంత బిగుతు నీళ్లలో తెలీదని డైవర్లు అంటారు. నన్నడిగితే ఇలాంటివాళ్లు కత్తెర జోలికే పోకూడదు. రోజూ కాసేపు ఇంట్లో వేసుకుని కూర్చోండి, చాలు.

సరే, నిజంగానే బిగుతుగా ఉంది. నియోప్రీన్ అయితే పని తేలిక. దర్జీ టేపుతో మెడ చుట్టుకొలత తీసుకోండి. ఉదాహరణకి 38 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, దాన్ని 3.14తో భాగిస్తే 12 చిల్లర. అంటే 12 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి డబ్బా మీ మెడంత లావు ఉంటుంది. బేగంబజార్ స్టీలు సామాన్ల కొట్లలో టేపు పట్టుకుని నిలబడితే ఏ సైజు డబ్బా అయినా దొరుకుతుంది, కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. అంచు కోసుకోకుండా గుడ్డ చుట్టి, దాని మీదికి సీల్ ఎక్కించి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి మళ్లీ పావుగంట పరీక్ష. చాలకపోతే ఇంకో రాత్రి, కాస్త పెద్ద డబ్బా. ఒకేసారి పెద్ద కుండ మీద ఎక్కిస్తే కుట్లూ అతుకులూ విడిపోతాయి.

లేటెక్స్‌కి కూడా ముందు ఇదే చేసి చూడండి, కానీ ఇంట్లో ఉంది కదా అని రాగి బిందె, ఇత్తడి చెంబు మాత్రం వాడకండి. రాగి తగిలితే లేటెక్స్ లాంటి సహజ రబ్బరు త్వరగా పాడవుతుంది, జిగటగా మారి చివికిపోతుంది. ఇత్తడిలోనూ రాగే ఉంటుంది. స్టీలుకీ, ప్లాస్టిక్‌కీ ఆ భయం లేదు.

ఇక కత్తెర. లేటెక్స్, సిలికోన్ సీల్స్‌ని చాలా కంపెనీలు కావాలనే చిన్నగా చేసి పంపిస్తాయి, కొన్నవాళ్లు కొలతకు కత్తిరించుకుంటారని. సీల్ మీద ఉబ్బెత్తుగా వలయాలు కనిపిస్తున్నాయి కదా, అవి అందుకే. ఆకారం గరాటులా ఉంటుంది కాబట్టి పైనుంచి కొంచెం తీసేసినా నోరు వెడల్పవుతుంది. ఒకసారికి ఒక్క వలయం. వలయాలు లేకపోతే 3 నుంచి 5 మిల్లీమీటర్లు, అంతకు మించొద్దు. తీసింది మళ్లీ అతికించలేం.

సీల్‌ని డబ్బా మీదికి కొద్దిగా, సాగీ సాగనట్టు ఎక్కించండి. ఇప్పుడు వలయం గీత స్పష్టంగా కనిపిస్తోంది. కత్తెర పొడుగ్గా, పదునుగా ఉండాలి, దర్జీలు వాడేది మేలు. కూరలు కోసే కత్తెర వద్దు. నా చెయ్యి చూడండి. కత్తెర పూర్తిగా మూయట్లేదు. సగం మూసి, ముందుకు జరిపి, మళ్లీ సగం. పూర్తిగా మూస్తే ఆగిన ప్రతి చోటా చిన్న గాటు పడుతుంది. కంటికి కనపడనంత గాటు చాలు, రేపు తల దూర్చేటప్పుడు సర్రున చిరగడానికి. సిలికోన్ అయితే మరీ, ఒక్క గాటుతో పైనుంచి కిందిదాకా పోతుంది. కోసిన అంచు మీద వేలు పోనిచ్చి చూడండి. ఎక్కడైనా పన్నులా తగిలితే ఆ కాస్తా నున్నగా సరిచేయండి. మళ్లీ పావుగంట పరీక్ష. ఇంకా బిగుతే అనిపిస్తే రేపు. ఇవాళే రెండో వలయం తీయకండి. సూట్ ఒంటి మీద ఉండగా మాత్రం ఎవరూ కత్తిరించొద్దు, అక్కడున్నది మెడ.

మణికట్లకు కూడా ఇదే పద్ధతి, డబ్బాకి బదులు గుండ్రటి నీళ్ల సీసా. పరీక్ష మాత్రం వేరు. గోరు నొక్కి వదలండి, తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగు రావాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, నీలంగా మారినా బిగుతు ఎక్కువే. చల్లటి నీళ్లలో ఇది ఇంకా ముఖ్యం, రక్తం సరిగా అందని చెయ్యి ముందే గడ్డకట్టుకుపోతుంది. అలాగని మరీ వదులు చేయకండి. పిడికిలి బిగిస్తే మణికట్టు లోపలివైపు తాళ్లలాంటి స్నాయువులు లేచి, వాటి మధ్య గాడి పడుతుంది. నీళ్లు దూరేది అక్కడినుంచే. సీల్‌ని మణికట్టు ఎముక దాటించి మోచేతి వైపు జరిపి కూర్చోబెడితే గాడి లోతు తగ్గుతుంది.

ఇంకోటి, చాలామందికి సీల్ బిగుతు కాదు, వేసుకోవడం రాదు. వేలి కొసలతో అంచు పట్టి లాగుతారు, గోళ్లు దిగి చిరుగుతుంది. లాడ్ బజార్‌లో గాజులు తొడిగే ఆయన మన బొటనవేలిని అరచేతిలోకి మడిచి చెయ్యంతా సన్నం చేస్తాడే, అలా చెయ్యి మడిచి, రెండో చేతి నాలుగు వేళ్లు చదునుగా సీల్ లోపల పెట్టి తెరిచి తోయాలి. మెడకైతే రెండు చేతులూ లోపల పెట్టి వెడల్పు చేసి తల దూర్చాలి. అంతకుముందే ఉంగరాలు, వాచీ, గాజులు, చెవి జుంకాలు, మెడలో గొలుసు తీసేయండి. చేతికి కట్టుకున్న దారం సీల్ కింద ఉండిపోతే దాని వెంబడే నీళ్లు లోపలికి పోతాయి. జుట్టు ఒక్క పాయ ఇరుక్కున్నా అంతే.

జారడానికి వాసన లేని టాల్కమ్ పౌడర్ చల్లుకోండి. సెంటు పౌడర్ వద్దు. కొబ్బరి నూనె, వాజెలిన్ అసలే వద్దు, నూనె లేటెక్స్‌ని తినేస్తుంది. పొద్దున తలకు నూనె పెట్టుకుని సూట్‌లో దూరేవాళ్లకు కూడా చెప్తున్నా. నియోప్రీన్, సిలికోన్‌కి సబ్బు నీళ్లు చాలు.

అద్దె సూట్ అయితే ఈ వీడియోలో సగం మీకు పనికిరాదు. కత్తిరించడానికి వీల్లేదు, సాగదీయడానికి టైమ్ ఉండదు. మెడ దగ్గర బిగిస్తే మొహమాటపడకుండా ఇంకో సైజు అడగండి. గుంపులో అందరూ రెడీ అయ్యారు, నా వల్ల లేటవుతుందని టెన్షన్ పడి అలాగే దిగొద్దు. గైడ్‌కి ఇది రోజూ చూసేదే, మారుస్తాడు.

సొంత సూట్ అయితే వాడాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పౌడర్ చల్లి, చల్లటి చీకటి అల్మారాలో పెట్టండి. డాబా మీద ఎండలో ఆరేయడం, కారు డిక్కీలో వదిలేయడం చేస్తే మీరు జాగ్రత్తగా కత్తిరించిన సీల్ చూస్తుండగానే జిగటగా మారి పగుళ్లిస్తుంది. అప్పుడు కొత్త సీల్ అతికించాలి. అతికించే పద్ధతి వచ్చే వీడియోలో చూద్దాం.