మెడ ధమని సర్జరీ తర్వాత బీపీ ఎగిరితే ఏ మందు?

నమస్కారం. తిరుపతిలో నర్సింగ్ చదువుతూ ఐసీయూ డ్యూటీకి వెళ్తున్న పిల్లల కోసం ఈ వీడియో. కెరోటిడ్ ఎండార్టరెక్టమీ అయిన పేషెంటు అనుకోండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనిని తెరిచి, లోపల పేరుకున్న కొవ్వు తీసేశారు. మానిటర్‌లో పై బీపీ 190.

ముందు పేషెంటును చూడండమ్మా, మందు ఎక్కించే పంపు సంగతి తర్వాత. నొప్పిగా ఉందా? మూత్రం నిండి పొట్ట బిగుసుకుందా? మదనపల్లె, పలమనేరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో కొందరు, ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదా అని పొద్దుటి బీపీ మాత్ర కూడా మానేసి వస్తారు. అదీ అడగండి.

ఇవేవీ కాకపోయినా బీపీ పెరగొచ్చు. బీపీని కనిపెట్టే నరాల చివర్లు సరిగ్గా ఆ ధమని చీలే చోటే ఉంటాయి. సర్జరీలో వాటికి దెబ్బ తగలొచ్చు.

ఇక మందులు. చాలా చోట్ల మొదట వాడేది లాబెటలాల్. 10 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు నిమిషాల పాటు నెమ్మదిగా నరంలోకి, అంటే సిరలోకి (ఐవీ). గుండె వేగాన్నీ తగ్గిస్తుంది. ఆస్తమా ఉన్నా, పల్స్ అప్పటికే నెమ్మదిగా ఉన్నా వద్దు. అప్పుడు నికార్డిపిన్ డ్రిప్: గంటకు 5 మిల్లీగ్రాములతో మొదలు, గరిష్ఠం 15. చిన్న నరంలో ఎక్కువసేపు పెడితే నరం వాస్తుంది, చెయ్యి చూస్తూ ఉండండి.

నైట్రోగ్లిజరిన్ మన దగ్గర సులువుగా దొరుకుతుంది. కానీ ఈ సర్జరీకి నాకు అంత ఇష్టం లేదు. అది తలనొప్పి తెస్తుంది. ఇన్నాళ్లూ తక్కువ రక్తానికి అలవాటుపడ్డ మెదడులోకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోటెత్తితే, దాని మొదటి గుర్తు కూడా తలనొప్పే, ఎక్కువగా సర్జరీ అయిన వైపు. మందు వల్లా, ప్రమాదం వల్లా? రాత్రి డ్యూటీలో ఎలా తేల్చుకుంటారు?

నైట్రోప్రుసైడ్ బల్బు స్విచ్ లాంటిది: క్షణాల్లో పనిచేస్తుంది, ఆపిన నిమిషాల్లోనే పోతుంది. వెలుతురు తగలకుండా కప్పాలి. డోసు పెరిగినా, ఎక్కువసేపు నడిచినా సైనైడ్ పేరుకునే భయం ఉంది. మెదడు రక్తనాళాలనూ వెడల్పు చేస్తుంది. అందుకే ఇక్కడ చివరి వరసలో పెడతాను.

ఏ మందైనా, ఎంత వరకు తగ్గించాలో డాక్టరుగారి ఆర్డర్‌లో అంకె రాయించుకోండి. మరీ దించేస్తే మెదడుకే రక్తం చాలదు. మెడ వాపు పెరుగుతున్నా, గొంతు మారినా బీపీ చార్టు పక్కన పెట్టి వెంటనే సర్జన్‌ను పిలవండి. లోపల రక్తం చేరి ఊపిరి దారిని నొక్కేస్తుంది.