‘కురెను’: పొద్దు గుంకిందా, గుంకలేదా?

సభకు నమస్కారం.

గాంధీజీ తన దగ్గర ఉంచుకున్న మూడు కోతుల బొమ్మ మనందరికీ తెలిసినదే. జపాన్‌లో నిక్కో తోషోగూ ఆలయంలోని చెక్కడం వల్ల ప్రసిద్ధికెక్కిన ఆ కోతులను మిజరు, కికజరు, ఇవజరు అంటారు. అంటే చూడనిది, విననిది, పలకనిది. ‘సరు’ అంటే కోతి కనుక ఆ పేర్లలో శ్లేష కూడా ఉంది. అయితే ‘చూడని’ అనడానికి నేటి జపాన్ వాడుకలో ‘మినయ్’ అంటారే గాని ‘మిజరు’ అనరు; ఆ ‘జరు’ ప్రాచీన భాషలోని వ్యతిరేకార్థక రూపం.

మనం ప్రాచీన జపనీయంగా చదివేది ముఖ్యంగా హెయ్‌అన్ యుగంలో (794–1185) క్యోటో ఆస్థానంలో పలికిన భాష. తరువాతి శతాబ్దాలలో మాట మారుతూ పోయినా, రాత చాలావరకు ఆ వ్యాకరణాన్నే పట్టుకొని ‘బుంగో’ అనే గ్రాంథిక శైలిగా నిలిచింది. గ్రాంథిక వ్యావహారిక వాదాలు చూసినవాళ్లం కనుక ఈ సంగతి మనకు వింతగా తోచదు. చిక్కంతా ఆధునిక జపనీయం బాగా వచ్చినవారికే. తెలియని మాట ఎదురైతే వారు నిఘంటువు తీస్తారు, తెలిసిన మాటే అనుకున్నచోట మాత్రం తీయరు. పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే.

ఒక్క క్రియను తీసుకుందాం. ‘హి’ అంటే పొద్దు, ‘కురు’ అంటే గుంకును. హెయ్‌అన్ భాషలో ‘హి కురు’ అంటే పొద్దు గుంకును, ‘కురురు హి’ అంటే గుంకే పొద్దు. సమాపక రూపం వేరు, విశేషణ రూపం వేరు. తెలుగువారికి ఈ తేడా పుట్టుకతో వచ్చినదే. మధ్యయుగంలో విశేషణ రూపం వాక్యాంతానికి కూడా వచ్చి అసలు సమాపక రూపాన్ని తోసివేసింది. ఆ ‘కురురు’ క్రమంగా ‘కురెరు’ అయి, నేడు రెండు పనులూ అదొక్కటే చేస్తోంది.

ఇప్పుడు ‘హి కురెను’ అన్న వాక్యం చూడండి. నేటి పాఠకుడికి తెలిసిన ‘ను’ వ్యతిరేకార్థకం కాబట్టి, పొద్దు గుంకలేదని అతడు చదువుకుంటాడు. కాని వాక్యం అక్కడ ముగిసింది కనుక ఈ ‘ను’ పని పూర్తయిందని చెప్పే ప్రత్యయపు సమాపక రూపం. అంటే పొద్దు గుంకింది. అదే ‘కురెను హి’ అని నామవాచకానికి ముందు వస్తే వ్యతిరేకార్థక ప్రత్యయపు విశేషణ రూపం; అప్పుడది గుంకని పొద్దు. అక్షరం ఒక్కటే అయినా, వాక్యంలో దాని చోటును బట్టి చీకటి పడడమా పడకపోవడమా అన్నది తేలుతుంది. ఇలాగే ‘యుకెబ’ అంటే నేడు ‘వెళ్తే’. అప్పట్లో ‘వెళ్లగా’, ‘వెళ్లినందువల్ల’. ‘వెళ్తే’ అనాలంటే ‘యుకబ’ అనేవారు. అందుకే బుంగోను నేటి భాషకు పాత వేషంగా కాక, దాని వ్యాకరణంతో వేరుగా నేర్చుకోవాలని నేను పట్టుబడతాను.

రాతను మాటకు దగ్గర చేసిన ‘గెంబున్ ఇచ్చి’ ఉద్యమానికి ఒక కథకుడి నోటిమాట ఊతమివ్వడం నాకు ఎంతో నచ్చే విషయం. సన్యూతెయ్ ఎంచో వేదికపై చెప్పిన దెయ్యం కథను 1884లో సంక్షిప్తలిపిలో దింపి అచ్చువేశారు. మాటలాడే శైలిలో నవల రాయదలచిన ఫుతబతెయ్ షిమెయ్‌కి, ఎంచో చెప్పినట్టు రాయమని సాహిత్య విమర్శకుడు సుబౌచి షోయో సలహా ఇచ్చాడు. ఆ నవల, ‘ఉకిగుమొ’, 1887లో వెలువడడం మొదలైంది. మన ‘కన్యాశుల్కం’ అచ్చయింది మరో పదేళ్లకు.

ప్రభుత్వం మాత్రం నెమ్మదిగా కదిలింది. 1889 రాజ్యాంగం బుంగోలో ఉండగా, 1946లో ప్రకటించిన రాజ్యాంగం వాడుక భాషలో వచ్చింది. అదే ఏడు, ‘నేడు’ అన్న మాటను ‘కెఫు’ అని రాసి ‘క్యో’ అని చదివే పాత వర్ణక్రమాన్నీ మార్చారు. 1907 నాటి శిక్షాస్మృతి వాడుక భాషలోకి వచ్చింది 1995లో.

నేటికీ జపాన్ ఉన్నత పాఠశాలల్లో పిల్లలు, మనం ‘రామః రామౌ రామాః’ అన్నట్టే, ‘జు, జు, ను, నె’ అని వ్యతిరేక ప్రత్యయపు రూపాలు వల్లెవేస్తారు. ఆ పట్టికలో ‘ను’ పక్కనే, అదే విశేషణ రూపపు గడిలో, ‘జరు’ ఉంటుంది. మన మూడు కోతులు అక్కడివే.