ఇంట్లోవాళ్లు ఫీజు ఆపేస్తే చదువు ఆగాలా? ఎల్‌జీబీటీ విద్యార్థుల కోసం ఫోన్-ఇన్

(అమెరికాలోని తెలుగు శ్రోతల కోసం ప్రసారమైన కార్యక్రమానికి అక్షర రూపం. ఫోన్ చేసినవారి పేర్లు అడగలేదు.)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ పిల్లలకి కాలేజీ చదువుకు డబ్బు ఎలా దొరుకుతుందన్నది ఈ రోజు మన విషయం. యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మేడమ్ గారు స్టూడియోలో ఉన్నారు. ఫోన్ చేసేవాళ్లు ఊరు చెప్తే చాలు, పేరు అక్కర్లేదు. మేడమ్, మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పండి.

మేడమ్: నమస్కారం. పిల్లలు ముందు ఎల్‌జీబీటీ స్కాలర్‌షిప్ అని వెతుకుతారు. అవి ఉన్నాయి, మంచివి ఉన్నాయి. కానీ పెద్ద డబ్బు అక్కడ లేదు. ఫాఫ్సా అనే అప్లికేషన్ ద్వారా వచ్చే ఫెడరల్ సాయం, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు, కాలేజీ సొంత నిధులు, ఈ మూడే అసలైనవి. మన పిల్లలకి చిక్కు వచ్చేది కూడా ఆ ఫాఫ్సా ఫారంలోనే. అందులో అమ్మానాన్నల ఆదాయం అడుగుతారు. అమ్మానాన్నలు మాట్లాడటం మానేస్తే ఆ గడి ఎవరు నింపాలి? నేను ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్నతోనే పిల్లలు ఏడుస్తూ వచ్చేవాళ్లు. దానికి చట్టంలో దారి ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఇవాళ వచ్చాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ న్యూజెర్సీ నుంచి. చెప్పండి.

ఫోన్‌లో అబ్బాయి: హాయ్ ఆంటీ. నేను హైస్కూల్ సీనియర్‌ని, 18 ఏళ్లు. ఇక్కడే పుట్టాను. నేను గే అని ఇంట్లో తెలిసిపోయింది. పెద్ద గొడవ అయింది. నాన్న బయటికి పొమ్మన్నారు. ఇప్పుడు ఫ్రెండ్ వాళ్ల బేస్‌మెంట్‌లో ఉంటున్నా. కాలేజీలో అడ్మిషన్ వచ్చింది కానీ ఫాఫ్సా సగంలో ఆగిపోయింది. ట్యాక్స్‌లో నన్ను చూపించడం మానేస్తాం అన్నారు. అది చాలా, నన్ను ఇండిపెండెంట్‌గా, అంటే అమ్మానాన్నల ఆదాయం చూడకుండా లెక్కేయడానికి?

మేడమ్: ముందు ఇది చెప్పు నాన్నా, రాత్రి పడుకోడానికి, తినడానికి ఇబ్బంది లేదు కదా?

అబ్బాయి: లేదు ఆంటీ. ఫ్రెండ్ వాళ్ల మామ్ బాగా చూసుకుంటున్నారు.

మేడమ్: ఆవిడ చల్లగా ఉండాలి. ఇప్పుడు నీ ప్రశ్న. ట్యాక్స్‌లో చూపించకపోవడం ఒక్కటే చాలదు. ఫీజు కట్టం, వివరాలు ఇవ్వం అని వాళ్లు అనడం కూడా దానంతట అది చాలదు. 24 ఏళ్లు వచ్చేదాకా మామూలుగా అమ్మానాన్నల మీద ఆధారపడినవాడిగానే లెక్కేస్తారు. కానీ నీ సంగతి వేరు. నిన్ను ఇంట్లోంచి పంపేశారు, ఒంటరిగా వేరేవాళ్ల ఇంట్లో తలదాచుకుంటున్నావు. ఉండే చోటు పోయి ఇలా స్నేహితుల ఇంట్లో ఉండటాన్ని కూడా ఇల్లు లేకపోవడంగానే చట్టం చూస్తుంది. రోడ్డు మీద పడుకోనక్కర్లేదు.

అబ్బాయి: అంటే నేను హోమ్‌లెస్‌నా?

మేడమ్: వినడానికి కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ ఫారంలో ఆ ప్రశ్న నీలాంటివాళ్ల కోసమే పెట్టారు. ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ ఇల్లు లేని పిల్లల సంగతి చూసే ఒక ఉద్యోగి ఉంటారు, లైజాన్ అంటారు. మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం ప్రకారం ఉండి తీరాలి. సోమవారం మీ స్కూల్ కౌన్సిలర్ దగ్గరికి వెళ్లి, ఆ లైజాన్‌ని కలవాలని అడుగు. తోడు లేక, ఇల్లు లేక ఉన్న విద్యార్థివని వాళ్లు ఒక ఉత్తరం రాసి ఇస్తే, ఫాఫ్సాలో అమ్మానాన్నల వివరాలు అక్కర్లేదు. నిన్ను ఇండిపెండెంట్‌గా చూస్తారు. గ్రాడ్యుయేషన్ అయ్యాక స్కూల్లో మనుషులు దొరకరు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే తీసుకో.

అబ్బాయి: వాళ్లు ఇవ్వకపోతే?

మేడమ్: ఇంకో దారి ఉంది. అసాధారణ పరిస్థితుల వల్ల తల్లిదండ్రులను సంప్రదించలేకపోతున్నావా, సంప్రదిస్తే నీకు ప్రమాదమా అని ఫాఫ్సాలోనే అడుగుతారు. అవును అని పెడితే వాళ్ల వివరాలు లేకుండానే ఫారం పంపొచ్చు. 2024-25 నుంచి ఈ సౌకర్యం వచ్చింది. తాత్కాలికంగా ఇండిపెండెంట్ అంటారు. తర్వాత కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసువాళ్లు నీతో మాట్లాడి, కాగితాలు చూసి ఖాయం చేస్తారు. సంగతి తెలిసిన టీచర్, కౌన్సిలర్, మీ ఫ్రెండ్ వాళ్ల అమ్మ లాంటివాళ్లు ఉత్తరాలు రాస్తే బలంగా ఉంటుంది. ఒకసారి ఒప్పుకున్నాక, నీ పరిస్థితి మారకపోతే, అదే కాలేజీలో మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోనక్కర్లేదు.

అబ్బాయి: నేను గే అని ఆ ఆఫీసులో చెప్పాలా?

మేడమ్: చెప్పి తీరాలని లేదు. సంబంధం తెగిపోయింది, ఇంట్లో ఉండే వీలు లేదు, ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎవరి దగ్గర ఉంటున్నావు అన్నవే వాళ్లకి కావాలి. కారణం చెప్తే కథ స్పష్టంగా ఉంటుంది, అంతే. ఎంత చెప్పాలన్నది నీ ఇష్టం.

వ్యాఖ్యాత: ఇండిపెండెంట్ అయితే డబ్బులో ఎంత తేడా ఉంటుంది మేడమ్?

మేడమ్: చాలా ఉంటుంది. అమ్మానాన్నల ఆదాయం లెక్కలోకి రాదు కాబట్టి ఈ అబ్బాయికి పెల్ గ్రాంట్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం, పూర్తిగా వచ్చే అవకాశం ఉంది. 2025-26కి గరిష్ఠం 7,395 డాలర్లు. తిరిగి కట్టక్కర్లేదు. ఫెడరల్ లోన్ మొదటి ఏడాది అమ్మానాన్నల మీద ఆధారపడినవాళ్లకి 5,500 వరకే, ఇండిపెండెంట్‌కి 9,500 వరకు. న్యూజెర్సీ కాబట్టి రాష్ట్రం ఇచ్చే ట్యూషన్ ఎయిడ్ గ్రాంట్ కూడా ఫాఫ్సా మీద ఆధారపడే వస్తుంది. నాన్నా, ఇంకో ముఖ్యమైన సంగతి. నీ బ్యాంక్ అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది?

అబ్బాయి: అమ్మతో జాయింట్.

మేడమ్: నీ ఒక్కడి పేరు మీద కొత్తది తెరువు. ఫీజు పోగా మిగిలిన డబ్బు కాలేజీ ఆ అకౌంట్‌లోనే వేస్తుంది. ఉత్తరాలు పాత ఇంటికి వెళ్లకుండా కాలేజీలో అడ్రస్, ఫోన్, ఈమెయిల్ మార్చు. కాలేజీలో చేరాక నీ రికార్డుల మీద హక్కు నీదే, ఫెర్పా చట్టం అదే చెప్తుంది. అయితే నిన్ను ట్యాక్స్‌లో డిపెండెంట్‌గా చూపిస్తున్న తల్లిదండ్రులకి కాలేజీ వివరాలు ఇవ్వడానికి వీలుంది. అందుకే ఎవరికీ ఇవ్వద్దని రాతపూర్వకంగా అడుగు.

అబ్బాయి: థాంక్యూ ఆంటీ. నేను చదువు వదిలేద్దాం అనుకున్నా.

మేడమ్: వదలకు కన్నా. నీ సీటు నువ్వు సంపాదించుకున్నది. స్కాలర్‌షిప్పులు కూడా చెప్తాను, రాసుకో. 2001లో మొదలైన పాయింట్ ఫౌండేషన్ ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకి ఇస్తోంది. డబ్బుతో పాటు ఒక మెంటార్‌ని కూడా ఇస్తారు, ఇంటి తోడు లేని పిల్లలకి అది పెద్ద బలం. లీగ్ ఫౌండేషన్ హైస్కూల్ సీనియర్ల కోసమే ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు పిల్లలకి లివ్ ఔట్ లౌడ్ సంస్థ ఇస్తుంది. ఎల్‌జీబీటీ వాళ్ల కుటుంబాలు కలిసి నడిపే పీఫ్లాగ్ సంస్థ స్థానిక శాఖలు కూడా చిన్న మొత్తాలు ఇస్తుంటాయి. చిన్నవాటికి పోటీ తక్కువ, వదలొద్దు. గడువు తేదీలు ఆయా సైట్లలో చూసుకో. అప్లికేషన్ ఫీజు అడిగితే మాత్రం అది మోసమే.

వ్యాఖ్యాత: ధైర్యంగా ఉండు బాబూ. తర్వాతి కాల్ టెక్సస్, ఫ్రిస్కో నుంచి.

ఫోన్‌లో తల్లి: నమస్తే అక్కయ్యగారూ. మా అమ్మాయికి ఒక అమ్మాయి అంటే ఇష్టం. నాకు ముందే చెప్పింది. ఈ మధ్య వాళ్ల నాన్నకి తెలిసింది. ఆయన చెడ్డవారు కాదండీ, కానీ తట్టుకోలేకపోతున్నారు. పద్ధతి మార్చుకునేదాకా కాలేజీకి ఒక్క డాలర్ ఇవ్వను, ఫాఫ్సా మీద సంతకం పెట్టను అంటున్నారు. నేను ఉద్యోగం చేయట్లేదు. ఏం చేయాలో తెలియట్లేదు.

మేడమ్: మీరు అమ్మాయి పక్కన నిలబడ్డారు, దాని విలువ తనకి తెలుసమ్మా. మీరూ ఆయనా ట్యాక్స్ కలిపి వేస్తారా?

తల్లి: కలిపే వేస్తాం.

మేడమ్: అయితే ఆయన సంతకం అక్కర్లేదు. భార్యాభర్తలు జాయింట్‌గా ట్యాక్స్ వేస్తే ఫాఫ్సాలో ఒక్కరు ఉంటే చాలు. మీరే స్టూడెంట్ ఎయిడ్ సైట్‌లో అకౌంట్ తెరిచి, ట్యాక్స్ వివరాలు ఐఆర్‌ఎస్ (ట్యాక్స్ శాఖ) నుంచి తెచ్చుకోడానికి సమ్మతి ఇవ్వండి. మీకు ఉద్యోగం లేకపోయినా ఫర్వాలేదు.

తల్లి: నిజంగానా అండీ! ఈ మాట ఎవరూ చెప్పలేదు.

మేడమ్: కానీ ఒక నిజం కూడా చెప్పాలి. ఇంటి ఆదాయం బాగా ఉంటే పెల్ గ్రాంట్ రాదు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఎక్కువమంది పరిస్థితి అదే. నాన్న డబ్బు ఇవ్వనన్నా, ఫారం ఆయన ఆదాయాన్ని చూస్తుంది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ రూల్ అలా ఉంది. అయినా ఫాఫ్సా వేయండి. మొదటి ఏడాది 5,500 లోన్ ఆదాయంతో సంబంధం లేకుండా తన పేరు మీదే వస్తుంది. మిగతాదానికి ప్రాక్టికల్‌గా ఆలోచించాలి. మీ దగ్గరే కొలిన్ కాలేజీ ఉంది. అక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారితే ఖర్చు బాగా తగ్గుతుంది. చాలామంది మనవాళ్లు కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు చూస్తారు. చివరికి చేతికి వచ్చే డిగ్రీ యూనివర్సిటీదే కదమ్మా. ఇంకొకటి, పిల్లల చదువు కోసం దాచుకునే 529 అకౌంట్ ఉందా?

తల్లి: ఉందండీ. నా పేరు మీదే తెరిచాం, అప్పట్లో ఆయన హెచ్1, నేను ఖాళీగా ఉన్నానని.

మేడమ్: అకౌంట్ ఓనర్ మీరైతే, ఆ డబ్బు అమ్మాయి చదువుకి వాడే అధికారం మీ చేతిలోనే ఉంది. లాగిన్ అయి చూసుకోండి.

తల్లి: (కొంచెం ఆగి) సరేనండీ. స్కాలర్‌షిప్‌కి వేస్తే పేరు ఇంటర్నెట్‌లో వస్తుందేమోనని అమ్మాయికి టెన్షన్. ఇండియాలో అత్తగారివైపు ఎవరికీ తెలియదు.

మేడమ్: ఆ భయం సబబే. కొన్ని సంస్థలు ఎంపికైనవాళ్ల పేర్లు, ఫొటోలు వేస్తాయి. అప్లై చేసేముందే ఈమెయిల్ చేసి, పేరు బయట పెట్టకుండా ఇస్తారా అని అడగమనండి. కుదరదంటే ఆ ఒక్కటీ వదిలేసి, మెరిట్ మీద, చదివే సబ్జెక్ట్ మీద ఇచ్చేవాటికి వెళ్లాలి. ఎల్‌జీబీటీ పిల్లలు ఎల్‌జీబీటీ స్కాలర్‌షిప్‌కే వేయాలని ఎక్కడా లేదు. టెక్సస్‌లో డైవర్సిటీ ఆఫీసులను నిషేధించిన ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ పిల్లలకి అండగా ఉండే సెంటర్లు మూతపడ్డాయి. విద్యార్థి సంఘాలు మాత్రం ఉన్నాయి, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఎలాగూ ఉంటుంది. మీ ఇద్దరి కోసం కూడా ఒక మాట. డాలస్‌లో పీఫ్లాగ్ శాఖ ఉంది. మన దక్షిణాసియా తల్లిదండ్రుల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ ఉంది. మీవారు ఇప్పుడే రాకపోవచ్చు. మీరు వెళ్లండి. ఇదే బాధ పడ్డ ఇంకో నాన్న మాట ఆయన వింటారేమో.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ మిస్సోరి నుంచి.

ఫోన్‌లో విద్యార్థి: నమస్తే మేడమ్. నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎంఎస్ చేస్తున్నా, ఏడాది పైన అయింది. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే నిజం చెప్పేశాను. అప్పటి నుంచి డబ్బు పంపడం ఆపేశారు. ఈ సెమిస్టర్ ఫీజు సగం బాకీ. రూమ్మేట్స్ గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ పని ఉంది చేరమంటున్నారు.

మేడమ్: ఆ పని వద్దు తమ్ముడూ. దొరికితే స్టేటస్ పోతుంది, అప్పుడు చదువూ ఉండదు. నీలాంటివాడికి చట్టబద్ధమైన దారి ఉంది. ఎఫ్-1లో ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యాక, అనుకోకుండా ఆర్థిక సాయం ఆగిపోతే, తీవ్ర ఆర్థిక ఇబ్బంది కింద క్యాంపస్ బయట పనికి అనుమతి అడగొచ్చు. ముందు నీ కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని, అంటే డీఎస్‌వోని కలువు. వాళ్లు నీ ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) మీద సిఫారసు రాశాక, పని అనుమతి కార్డు కోసం ఐ-765 ఫారం పంపాలి. కార్డు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు.

విద్యార్థి: కార్డు రావడానికి టైమ్ పడుతుంది కదా మేడమ్?

మేడమ్: పడుతుంది, అందుకే రేపే మొదలుపెట్టు. ఈలోపు క్యాంపస్‌లో పనికి ఈ కార్డు అక్కర్లేదు. డైనింగ్, లైబ్రరీ, ఏదైనా సరే, అదీ 20 గంటల లోపే. ఫీజులు తీసుకునే బర్సర్ ఆఫీసులో వాయిదాలు అడుగు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ ఉందా అడుగు. చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థులకీ ఇస్తారు. ఫీజు భయంతో కోర్సులు డ్రాప్ చేసి ఫుల్ టైమ్ కన్నా తగ్గావంటే మాత్రం వీసా ఇబ్బందుల్లో పడతావు. ఏది చేసినా డీఎస్‌వోకి చెప్పాకే.

విద్యార్థి: ఆయనకి మొత్తం చెప్పాలా? నాకు చెప్పడం చేతకావట్లేదు.

మేడమ్: ఇంటి నుంచి డబ్బు ఆగింది, అది నా చేతిలో లేని కారణం వల్ల అని చెప్పు. కుటుంబ విభేదాలు అంటే చాలు. బ్యాంక్ స్టేట్‌మెంట్లలో పాత ట్రాన్స్‌ఫర్లు, ఆగిన నెల కనిపించేలా తీసి పెట్టు. నీ వాట్సాప్ మెసేజ్‌ల కన్నా అవే బలమైన కాగితాలు.

వ్యాఖ్యాత: టైమ్ తక్కువుంది, ఒక్క కాల్ తీసుకుందాం. సియాటిల్ నుంచి.

ఫోన్‌లో విద్యార్థి: ఆంటీ, నేను ట్రాన్స్. హెచ్-4 మీద, అంటే హెచ్1 వాళ్ల పిల్లలకిచ్చే వీసా మీద ఉన్నా, అమ్మా నాన్నా సపోర్టివ్. ఫాఫ్సా నాకు రాదని తెలుసు. ఇంకేం ఉంది? నేను వాడే పేరు వేరు, పాస్‌పోర్ట్‌లో పేరు వేరు.

మేడమ్: అమ్మానాన్నలకి నా నమస్కారాలు చెప్పు. వాషింగ్టన్‌లో ఫాఫ్సా వేయలేనివాళ్ల కోసం వాస్ఫా అని వేరే అప్లికేషన్ ఉంది. హెచ్-4కి వర్తిస్తుందా లేదా నీ స్కూల్ కౌన్సిలర్‌తో కూర్చుని ఈ వారమే చూడు. ప్రైడ్ ఫౌండేషన్ మీ వాయవ్య రాష్ట్రాల విద్యార్థులకే స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, అక్కడ అప్లై చెయ్యి. సైన్స్, ఇంజనీరింగ్ అయితే ఔట్ టు ఇన్నోవేట్ కూడా చూడు. పేరు సంగతికొస్తే, వ్యాసంలో, సిఫారసు ఉత్తరాల్లో నువ్వు వాడే పేరే పెట్టించు. డబ్బు చెల్లించే ఫారంలో మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు ఇవ్వు, లేకపోతే చెక్ బ్యాంకులో ఆగిపోతుంది. రెండు పేర్లూ ఒకరివేనని సంస్థకి ముందే ఒక ఈమెయిల్ పెట్టు.

విద్యార్థి: 21 దాటితే హెచ్-4 పోతుంది కదా ఆంటీ, అప్పుడు?

మేడమ్: అప్పటికి ఎఫ్-1కి మారాలి. అప్లికేషన్ ముందుగానే వేయాలి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. వచ్చిన స్కాలర్‌షిప్ స్టేటస్ మారాక కూడా కొనసాగుతుందా అని ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకో.