పాల లెక్క కూడా రాయండి

శ్రోతలకు నమస్కారం. జనవరి 1 దగ్గర పడుతోంది. అమెరికాలో పేరున్న కాలేజీలకు అప్లై చేసే పిల్లల ఇళ్లలో ఇప్పుడు నిద్ర తక్కువ, టెన్షన్ ఎక్కువ. చాలా కాలేజీల గడువు ఆ తేదీకి అటూ ఇటూగానే ఉంటుంది. నేను చెబుతున్నది ఎమ్మెస్ సంగతి కాదు, ఇంటర్ అవగానే వెళ్లే డిగ్రీ చదువు.

మా వీధిలో ఒకమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మొన్న ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. కామన్ యాప్ అని ఒక దరఖాస్తు ఉంది, వెయ్యికి పైగా కాలేజీలు అదే తీసుకుంటాయి. చదువు కాక ఇంకేం చేశావో రాయమని అందులో పది గళ్లు ఇస్తారు. "నాకు ఒక్కటే ఉందంకుల్, తొమ్మిదిలో వ్యాసరచనకి రెండో బహుమతి" అంది. మిగతా తొమ్మిదీ ఖాళీ.

"పొద్దున ఎన్నింటికి లేస్తావమ్మా?" అన్నాను. నాలుగున్నరకట! వాళ్ల నాన్నకు పాల బూత్ ఉంది. ఐదు నుంచి ఏడు దాకా ఈ పిల్లే కూర్చుంటుంది. ఎవరు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నారు, ఎవరి బాకీ ఎంత, అన్నీ తనే రాస్తుంది. ఎండాకాలంలో మిగిలిన పాలు విరిగిపోయి నష్టం వస్తుంటే, నెల రోజులు లెక్క చూసి, ఆదివారం ఆర్డరు ఇరవై ప్యాకెట్లు తగ్గించిందట. ఇదంతా చెప్పి, "అది ఇంటి పని కదంకుల్" అంది.

ఇంటి పనే. కానీ ఆ దరఖాస్తులో కుటుంబ బాధ్యతలు అని ఒక విభాగమే ఉంది. వారానికి ఎన్ని గంటలు అని కూడా అడుగుతారు. రోజుకు రెండు, వారానికి పద్నాలుగు. ఒక్క పూట సేవ చేసి ఫొటో దిగొచ్చే కార్యక్రమాలకంటే నాకు ఇదే ఎక్కువనిపిస్తుంది.

వివరం రాయడానికి ఇచ్చేది 150 అక్షరాలే, మధ్య ఖాళీలతో కలిపి. "నాన్నకు షాపులో సాయం చేస్తాను" అని మొదట రాసింది. అలా ఎవరైనా రాస్తారు. ఎన్ని ఇళ్లు? అరవై. ఎప్పటినుంచి? పదో తరగతి నుంచి. నువ్వేం మార్చావు? ఆదివారం ఆర్డరు. ఆ మూడూ రాయమన్నాను. కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ గంట పట్టింది.

టైమ్ అయిపోతోంది, రెండు ముక్కల్లో మిగతాది. చాలా కాలేజీలు తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతాయి. మన పిల్లలు టెన్త్ తర్వాత కాలేజీ మారతారు కాబట్టి పాత స్కూలుకు ఇప్పుడే వెళ్లండి. ఇక ఫీజు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్మైటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొన్ని, విదేశీ పిల్లలు సాయం అడిగారని సీటు దగ్గర వెనక్కి నెట్టవు. చాలావాటిలో మాత్రం అది కూడా లెక్కలోకి వస్తుంది. అయినా అవసరం ఉంటే అప్లై చేసేటప్పుడే అడగండి. తర్వాత అడుగుదాంలే అనుకుంటే చాలాచోట్ల కుదరదు.

ఆ రాత్రే వాళ్ల నాన్న ఫోన్ చేశారు. "అంత పెద్ద కాలేజీకి మన పాల బూత్ సంగతి ఎందుకండీ, నవ్విపోతారేమో" అన్నారు. నవ్వరని చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చారు, చంకలో నాలుగు పాత ఖాతా పుస్తకాలతో. "ఇవి కూడా పంపాలాండీ?"

అక్కర్లేదన్నాను. నమస్కారం.